ఎర్రనీటి రంగు కోసం: నా అనుభవం

2022 జులైలో గోదారికి వచ్చిన వరదని రాజమండ్రిలో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకి పైగా సముద్రంలోకి వదిలారు. లంకల్లో మా బంధువులున్నారు, వాళ్ళు క్షేమంగా గట్టుకి చేరారని ఫోను వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. ఆ శనివారం సాయంత్రం షాపు నుంచి తిన్నగా ఇంటికి పోకుండా గట్టు వైపు నడిచాను. మెట్లు దిగనివ్వడం లేదు, దూరం నుంచే చూడాలి. చీకటి పడేదాకా అక్కడే నిలబడి చూశాను.

వరద నీటిని ఎర్రనీరు అంటాం గానీ అది ఎరుపు కాదు. దగ్గర్లో ఇటుక పొడి రంగు, కాస్త అవతల పాలు తక్కువైన టీ రంగు, ఇంకా అవతల పాత రైలు వంతెన హేవలాక్ స్తంభాల దగ్గర ఊదా కలిసిన బూడిద రంగు. సుడి తిరిగిన చోట నడుమ నల్లగా, అంచున మురికి నురగ. ఇంటికొచ్చి వంట కూడా మొదలుపెట్టకుండా రంగుల డబ్బా తీసి కూర్చున్నాను. ఆ రంగు నా డబ్బాలో లేదు. రెండు గంటలు కలిపినా రాలేదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ రంగు కోసం ఏమేం కొన్నాను, ఏమేం పోగేశాను, ఏవి పాడయ్యాయి, కంప్యూటర్‌లో వేయడం ఎలా వచ్చింది, అన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పని మొదలుపెట్టాలనుకుంటున్న వాళ్ళకి ఏదో ఒకటి ఉపయోగపడుతుందని నా ఆశ.

నేను తాడితోటలో ఒక హోల్‌సేల్ బట్టల షాపులో లెక్కలు చూస్తాను. బొమ్మలు ఎక్కడా నేర్చుకోలేదు. చిన్నప్పుడు నాన్న మా ఊళ్ళో దామెర్ల రామారావు గారి చిత్రశాలకి రెండుమూడు సార్లు తీసుకెళ్ళారు. 1897లో పుట్టి, 1925లో మశూచితో 28 ఏళ్ళు నిండకుండానే పోయిన మనిషి ఇన్ని బొమ్మలు ఎప్పుడు వేశారా అని అప్పుడూ ఆశ్చర్యమే, ఇప్పుడూ ఆశ్చర్యమే. కానీ వాటిలో నాకు గుర్తున్నవి మనుషుల బొమ్మలు, చీర మడత దగ్గర గీత ఎంత మెత్తగా తిరుగుతుందో చూస్తే కళ్ళు తిప్పుకోలేం. నాకు మనిషి ముఖం వేయాలని లేదు. నాకు కావలసింది గోడ మీద పెచ్చు లేచిన సున్నం, తడిసి ఆరిన గుడ్డ మీద మిగిలిన మరక అంచు, ఇదిగో ఈ నీళ్ళు. వీటిని అబ్‌స్ట్రాక్ట్ అంటారని, తెలుగులో నైరూప్య చిత్రాలు అంటారని తర్వాత తెలిసింది.

వరద నాటికి ఆరు నెలలుగా రంగులు కొంటున్నాను. మా అబ్బాయి చదువుకి విశాఖ వెళ్తూ వదిలేసిన ఫెవిక్రిల్ రంగు సీసాలు నాలుగుతో మొదలైంది. తర్వాత కామెల్ ఆక్రిలిక్ ట్యూబులు 12 రంగుల పెట్టె, ఆ తర్వాత నెలకి ఒకటో రెండో విడి ట్యూబులు. జీతం వచ్చిన వారంలో మెయిన్ రోడ్డుకి వెళ్ళి ఒక్క ట్యూబు కొనుక్కొస్తే పండగలా ఉండేది. కొన్నది వాడటానికి మాత్రం మనసొప్పేది కాదు, వాడితే అయిపోతుంది కదా అని. అలా ఒకసారి తీసి, రంగు చూసుకుని, మూత సరిగా బిగించకుండా దాచిన రెండు ట్యూబులు లోపలే గట్టిపడిపోయాయి. ఆక్రిలిక్ ఒకసారి ఆరిందంటే మళ్ళీ నీళ్ళకి కరగదు. బ్రష్షు కడక్కుండా వదిలేసినా అంతే, పొద్దుటికి కర్ర అవుతుంది. పోగేసి దాచుకునే అలవాటున్నవాళ్ళకి చెప్తున్నా, తీసి వాడండి.

కొనేటప్పుడు ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. ఒకే రంగు పేరుతో ఒక ట్యూబు చవగ్గా, ఇంకోటి మూడింతల ధరకి ఎందుకుంటుందంటే, విద్యార్థుల కోసం చేసేవాటిలో అసలు రంగుపొడి తక్కువ, నింపుడు సరుకు ఎక్కువ. పేరు పక్కన 'హ్యూ' అని ఉంటే ఆ పేరున్న అసలు పిగ్మెంట్, అంటే రంగుపొడి, లోపల ఉండకపోవచ్చు, దాన్ని పోలిన వేరే రంగు ఉంటుంది. మంచి ట్యూబుల మీద పిగ్మెంట్ కోడ్ ఉంటుంది: పీబీ 29 అంటే అల్ట్రామెరైన్ నీలం, పీడబ్ల్యూ 6 అంటే టైటానియం తెలుపు. పేరు కంపెనీ కంపెనీకీ మారుతుంది, కోడ్ మారదు. ఇది తెలిశాక నా కొనడం సగానికి తగ్గింది, ఎందుకంటే నా దగ్గర మూడు వేరు వేరు పేర్లతో ఉన్న నీలాలు నిజానికి ఒకటే నీలం.

ఆ వరద రాత్రి నేను కలిపింది బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమ రంగు, ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు, తెలుపు. కొత్త కుండ రంగు వచ్చింది. తెలుపు పెంచితే గులాబీ వైపు పోయింది, నలుపు వేస్తే మురికైంది. పైగా రాత్రి దగ్గరగా వచ్చిందనుకున్నది పొద్దున్న చూస్తే ఇంకో రంగు. ఆక్రిలిక్‌లో ఉండే జిగురు తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక గాజులా అయిపోతుంది. ఆ తెలుపు పోయేసరికి రంగు ఒక మెట్టు ముదురుతుంది. అందుకని ఇప్పుడు ఏ మిశ్రమమైనా ముందు అట్టముక్క మీద ఒక గీత గీసి, ఆరనిచ్చి చూస్తాను. మన ఎండల్లో ఎంతసేపు ఆరాలి గనక, ఏప్రిల్, మే నెలల్లో ప్యాలెట్ మీదే అయిదు నిమిషాల్లో పొరకట్టేస్తుంది. దానికి నేను చేసే ఏర్పాటు ఏంటంటే, స్టీలు టిఫిన్ డబ్బా అడుగున తడి స్పాంజి పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, రంగు దాని మీద పెట్టుకుంటాను. మూత పెడితే మర్నాటికి కూడా మెత్తగా ఉంటుంది.

రంగు దొరక్క వారం రోజులు తిరిగాను. అప్పుడు మా అత్తయ్యగారు అన్న మాట నాకు దారి చూపించింది. ఆవిడకి 78 ఏళ్ళు. నేను నేల మీద అట్టముక్కలు పరుచుకుని కూర్చుంటే వచ్చి చూసి, "ఏంటమ్మాయ్, జాజు రంగా నీకు కావలసింది? పచారీ కొట్టులో అడక్కపోయావా" అన్నారు. వాళ్ళ చిన్నప్పుడు అరుగులకీ గోడల అడుగుభాగానికీ జాజు పూసేవాళ్ళు, పైన సున్నం కొట్టేవాళ్ళు, ఆ సున్నంలో తెలుపు తేలడానికి చిటికెడు నీలిమందు వేసేవాళ్ళు. ఇవన్నీ ఆవిడ చేత్తో చేసిన పనులు. మర్నాడే వెళ్ళి జాజు, నీలిమందు, సుద్దపొడి తెచ్చాను. మూడూ కలిపి ఒక మంచి ట్యూబు ధర కూడా కాలేదు.

తర్వాత చదివితే తెలిసింది, జాజు అంటే ఎర్రమట్టి, ఇనుము తుప్పు రంగు, వేల ఏళ్ళ నాటి గుహల బొమ్మల్లో ఉన్నదీ ఇదే జాతి. నీలిమందు సంగతి ఇంకా ఆశ్చర్యం. పేరు నీలిమందే గానీ ఇప్పుడు తెల్లబట్టలకి పెట్టే పొడి నీలి మొక్క నుంచి తీసింది కాదు, అది అల్ట్రామెరైన్, అంటే పీబీ 29. ఒకప్పుడు ఈ నీలం కోసం అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల నుంచి లాజవర్దు రాయి తెచ్చి నూరేవాళ్ళు, యూరప్‌లో దాని ఖరీదు బంగారంతో పోల్చేవాళ్ళు. 1828లో ఫ్రాన్స్‌లో గిమే అనే ఆయన దాన్ని కృత్రిమంగా తయారుచేసినందుకు బహుమతి అందుకున్నాడు, అప్పటినుంచి అందరికీ అందుబాటులోకి వచ్చింది. నేను అంత డబ్బు పోసి ట్యూబులో కొన్న నీలం, మా అమ్మ నా స్కూలు యూనిఫాం చొక్కాలు ముంచిన బకెట్లో నీలం ఒకటేనని తెలిసిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

జాజులో నీలిమందు కలిపితే ఆ ఊదా బూడిద వచ్చేసింది! వంతెన స్తంభాల దగ్గర చూసింది. కానీ దగ్గరి నీళ్ళ రంగు ఇంకా రాలేదు, జాజు దానికి మరీ ఎరుపు. అప్పటికి వరద తగ్గింది, ఘాట్ మెట్ల మీద జానెడు మందాన ఒండ్రు పేరుకుని ఉంది, మనుషులు పైపులు పెట్టి కడుగుతున్నారు. రంగు కోసం కొట్ల చుట్టూ ఎందుకు తిరుగుతున్నాను, రంగు ఇక్కడే ఉంది కదా అనిపించింది. క్యారీబ్యాగులో రెండు కిలోలు తెచ్చుకున్నాను.

ఇంటికి తెచ్చి ఆరబెడితే అది ఎర్రగా లేదు. సిమెంటు లాంటి బూడిద రంగు, ముట్టుకుంటే గరగర. చాలా నిరాశపడ్డాను. దాన్ని బకెట్టు నీళ్ళలో వేసి చేత్తో బాగా కలిపి అలాగే పెట్టి చూస్తూ కూర్చున్నాను. ఒక్క నిమిషంలో ఇసక అడుగుకి పోయింది, మెరిసే అభ్రకం రేకులతో సహా. పైనున్న నీళ్ళని ఇంకో బకెట్లోకి వంచాను. గంట తర్వాత చూస్తే దాని అడుగున బూడిద రంగు మెత్తటి బురద, పైన మాత్రం నీళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి. మళ్ళీ వంచాను. ఈ మూడో బకెట్టు పొద్దుటికి కూడా తేరుకోలేదు. నాకు కావలసిన రంగు అంతా త్వరగా అడుగుకి చేరని ఆ సన్నటి మట్టిలో ఉందన్నమాట. గట్టు మీద నిలబడి నేను చూసిందీ అదే, గోదారి మోసుకుపోయే మట్టిలో అన్నిటికన్నా సన్నటిది.

పటిక వేద్దామనుకున్నాను. అత్తయ్యగారు, కుళాయిలు రాకముందు ఎర్రనీటిని బిందెల్లో తేర్చడానికి చిల్లగింజ అరగదీసేవాళ్ళమని చెప్పి, ఆయుర్వేద మందుల కొట్టు నుంచి తెప్పించి, బిందె లోపలి అంచుకి ఎలా రుద్దేవాళ్ళో చేసి చూపించారు. పూటలో తేరింది. చిల్లగింజ వాడటానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. అల్ట్రామెరైన్‌కి పులుపు పడదు. నీలిమందు నీళ్ళలో నిమ్మరసం పిండి చూశాను, ముందు బుసబుస పొంగింది, కాసేపటికి నీలం పాలిపోయింది. పటికదీ పులుపు గుణమే కాబట్టి, నీలం కలపబోయే ఒండ్రులో దాన్ని వేయదలుచుకోలేదు.

తేరిన నీళ్ళు వంచేసి, అడుగున మిగిలిన పేస్టుని గుడ్డలో మూటకట్టి ఒక రోజు వేలాడదీసి, తర్వాత పళ్ళెంలో ఎండబెట్టాను. రెండు కిలోల ఒండ్రులో చివరికి దక్కింది ఒక చిన్న పచ్చడి సీసాకి సగం. అత్తయ్యగారి మందుల కల్వంలో నూరి, మా షాపు నుంచి తెచ్చిన సన్నటి మల్లుగుడ్డలో జల్లించాను. రెండు వేళ్ళ మధ్య పెట్టుకుంటే పౌడర్‌లా ఉంది. ఫెవికాల్ కొంచెం నీళ్ళలో పలచన చేసి, అద్దం పలక మీద ఈ పొడి పోసి, గ్లాసు అడుగుతో గుండ్రంగా తిప్పుతూ కలిపాను. మొదట గరగర చప్పుడు వస్తుంది, నూరుతుంటే ఆ చప్పుడు తగ్గుతూ తగ్గుతూ పది నిమిషాలకి పూర్తిగా పోతుంది. చప్పుడు ఆగిందంటే రంగు తయారైనట్టు. ఆరాక వచ్చింది, సరిగ్గా ఆ రంగు. పాలు తక్కువైన టీ.

జిగురు పాళ్ళు కుదరడానికి మాత్రం నెల పట్టింది. తక్కువైతే సున్నం గోడని ముట్టుకున్నట్టు వేలికి అంటుకుంటుంది, ఎక్కువైతే ప్లాస్టిక్‌లా మెరుస్తుంది, ముదురు కూడా అవుతుంది. ఫెవికాల్‌కి తేమ తగిలితే మెత్తబడుతుందని తెలిశాక, స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ళు గుడ్డల మీద రంగు అద్దడానికి వాడే బైండర్ తెచ్చుకుంటున్నాను. అది ఆక్రిలిక్ జాతిదే. మా మార్కెట్లో అడిగితే దొరుకుతుంది.

అదే ఊపులో పసుపు కూడా ప్రయత్నించాను. పసుపుతో వచ్చే రంగు ఏ ట్యూబులోనూ ఉండదు, అంత వెలుగు. 2023 ఎండాకాలంలో ఒక అట్ట మీద పసుపు, జాజు, నీలిమందు, ఒండ్రు, ఇంకా నా ట్యూబుల్లో అయిదారు రంగులు వరసగా పట్టీలు వేసి, సగం నల్ల కాగితంతో కప్పి, పడమటి కిటికీకి కట్టాను. మూడు వారాలకే పసుపు పట్టీ ఎండ తగిలిన సగంలో పాలిపోయింది, నెలన్నరకి అక్కడ ఏదో వేసిన గుర్తు మాత్రం మిగిలింది. జాజు, ఒండ్రు, నీలం ఇప్పటికీ కాగితం తీసి చూస్తే రెండు సగాలూ ఒకేలా ఉన్నాయి. ట్యూబుల్లో ఒక గులాబీ రంగు కూడా వెలిసింది. రంగులు పోగేసేవాళ్ళు ఎవరైనా సరే ఈ పరీక్ష చేసుకోవాలి, ఖర్చు ఏమీ లేదు, ఒక అట్ట, ఒక కిటికీ.

ఇక దేని మీద వేయాలన్నది. మా షాపులో తానుల చివర మిగిలే గాడా అనే ముతక నూలు గుడ్డ ముక్కలు ఓనరు గారు ఊరికే ఇచ్చారు. కాలేజీ దగ్గర వడ్రంగి చేత ఫ్రేములు చేయించాను. "ఫొటోకా మేడంగారూ, అద్దం కూడా వేసెయ్యమంటారా?" అని అడిగితే కాదండీ, గుడ్డ బిగించుకోవడానికి అన్నాను. ఆయన చెక్క చక్కగా నున్నగా చదునుగా చేసి ఇచ్చారు, అదే ఇబ్బంది అయింది. ఫ్రేము లోపలి అంచు గుడ్డకి ఆనుకుంటే, పైన రంగు లాగినప్పుడల్లా ఆ అంచు గీతలా పడిపోతుంది. బయటి అంచు ఎత్తుగా, లోపలికి వాలుగా చెక్కాలి, అప్పుడు గుడ్డ అంచు మీద మాత్రమే ఆనుతుంది. ఈ సంగతి ఆయనకి చెప్పాల్సింది నేనే, నాకే తెలియదు. రెండోసారి వాలు పెట్టించాను.

గుడ్డ మీద ఇంకో దెబ్బ తిన్నాను. మందంగా, గోడలా కనపడాలని రంగుల కొట్టులో గోడలకి వేసే పుట్టీ తెచ్చి కాన్వాసు మీద పూసేశాను. ఆరాక ఎంత బావుందో! పై వారం దాన్ని ఎత్తి ఇంకో గదిలోకి తీసుకెళ్తుంటే గుడ్డ వంగి, నా కళ్ళ ముందే చిటపటమని పెచ్చులూడిపోయింది. నెల పని. గోడ కదలదు, గుడ్డ కదులుతుంది, పుట్టీకి ఆ సాగుడు లేదు. ఆ రోజు ఏడుపొచ్చింది. అప్పటినుంచి మందపు పని అంతా హార్డ్‌బోర్డు మీదే. ప్లైవుడ్ షాపులో కోతల్లో మిగిలిన ముక్కలు తక్కువకి ఇస్తారు, రెండు వైపులా ప్రైమర్ కొట్టాలి, ఒక వైపే కొడితే వంగిపోతుంది. పుట్టీ బదులు సుద్దపొడి, బైండర్, కొంచెం తెల్ల ఆక్రిలిక్ కలిపి గట్టి పేస్టు చేసుకుంటున్నాను. దాన్ని లాగడానికి ప్యాలెట్ నైఫ్ కన్నా పెయింటర్లు వాడే నాలుగంగుళాల పుట్టీ బ్లేడు నాకు బాగా కుదిరింది. చేతికి బరువు తెలుస్తుంది.

సామాను అంతా సమకూరింది గానీ, వేయడం దగ్గర చాలా కాలం ఆగిపోయాను. రంగు దొరికింది, దానితో ఏం చేయాలి? మొదటి నాలుగు బోర్డుల మీద నేను వేసింది నది బొమ్మే. అడ్డంగా గీత, కింద నీళ్ళు, పైన ఆకాశం. చూస్తే వరద ఫొటోకి నకలులా ఉన్నాయి, నాకు గట్టు మీద కలిగింది ఒక్క పిసరు కూడా వాటిలో లేదు. ఆ రోజుల్లో ఫోనులో గాయ్‌తొండే చిత్రాలు చూశాను. 1924లో నాగపూర్‌లో పుట్టిన వాసుదేవ్ గాయ్‌తొండే కాన్వాసు మీద రోలర్‌తో రంగు పరిచి, కత్తితో గీకి తీసేస్తూ, పొర మీద పొరగా పనిచేసేవారు, ఏడాదికి చాలా తక్కువ చిత్రాలు పూర్తిచేసేవారు. మనవాళ్ళలో గుడివాడలో పుట్టి, లండన్‌లో చదివి, అమెరికాలో స్థిరపడి, 2001లో పద్మశ్రీ అందుకున్న ఎస్‌.వి. రామారావు గారి అబ్‌స్ట్రాక్ట్ చిత్రాలు కూడా చూశాను. కృష్ణా జిల్లా మనిషి ఇలాంటివి వేశారని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు.

గీకి తీయడం అన్న మాట నా బుర్రలో ఉండిపోయింది. వరద చేసేది అదే కదా, పరుస్తుంది, కోసుకుపోతుంది. అయిదో బోర్డు మీద ఆకాశం, గీత ఏమీ పెట్టుకోలేదు. జాజు, నీలం కలిపిన ఊదా ముందు మొత్తం పూశాను. ఆరాక సుద్ద పేస్టు మందంగా పరిచి, అది సగం ఆరిన దశలో, అంటే వేలు పెడితే అంటుకోకుండా గుంట మాత్రం పడే దశలో, పుట్టీ బ్లేడు ఎడమ నుంచి కుడికి ఒక్క లాగుడు లాగాను. కొన్నిచోట్ల పేస్టు నిలిచింది, కొన్నిచోట్ల చిరిగి కింది ఊదా బయటపడింది, బ్లేడు ఆగిన చోట గట్టులా పోగుపడింది. పూర్తిగా ఆరాక దాని మీద ఒండ్రు రంగుని బాగా నీళ్ళగా చేసి పోసి, బోర్డు ఒక పక్కకి ఎత్తాను. ఆ రంగునీళ్ళు గుంటల్లోకి, గీతల్లోకి తమంతట తాము వెతుక్కుంటూ పోయాయి. గుంటల్లో ముదురు, గట్ల మీద లేత. నేను ఏదీ గియ్యలేదు. బోర్డు పట్టుకుని అలాగే నిలబడిపోయాను, నీళ్ళు మోచేతి మీంచి కారుతున్నా దించలేదు.

నైరూప్య చిత్రాలకి పేరుపడ్డ రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ ఒకసారి సాయంత్రం మసక వెలుతురులో తన స్టూడియోలోకి వచ్చి, అద్భుతమైన చిత్రం ఏదో కనపడితే, అదేంటో అర్థంకాక దగ్గరికి వెళ్ళి చూస్తే పక్కకి తిప్పి పెట్టిన తన చిత్రమేనని ఆయనే రాసుకున్నారు. నేను కూడా ప్రతి బోర్డుని నాలుగు వైపులా తిప్పి, ఒక్కో వైపు ఒక రోజు గోడకి ఆనించి పెడతాను. తలకిందులు చేసినా బరువు సరిగ్గా నిలిచిందంటే ఉంచుతాను. లేదంటే మళ్ళీ గీకుతాను. ఇప్పటికి 31 బోర్డులు వేశాను, నాకు నచ్చి ఉంచుకున్నవి తొమ్మిది.

డిజిటల్ సంగతి. మా అబ్బాయి సెలవులకి వచ్చినప్పుడు తన పాత ల్యాప్‌టాప్, 3,000 రూపాయల లోపు వచ్చిన ఒక పెన్ టాబ్లెట్ ఇచ్చి, కృత అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి వెళ్ళాడు. "అమ్మా, రంగు అయిపోతుందని టెన్షన్ ఉండదు నీకు" అన్నాడు. ఆ టాబ్లెట్‌కి తెర ఉండదు, చెయ్యి బల్ల మీద పలక మీద కదులుతుంటే కళ్ళు ఎదురుగా తెర మీద ఉండాలి. మొదటి పది రోజులు గీత ఒకచోట అనుకుంటే ఇంకోచోట పడేది. రోజూ పడుకునే ముందు పావుగంట ఊరికే గుండ్రాలు గీస్తూ ఉంటే మూడు వారాలకి చెయ్యి దారిలో పడింది. దీనికి వేరే చిట్కా ఏమీ లేదు.

చెయ్యి కుదిరాక నీలం, పసుపు పక్కపక్కన పెట్టి వాటి మధ్య బ్రష్షుతో రాశాను, ఆకుపచ్చ వస్తుందని. బూడిద రంగు వచ్చింది! సాఫ్ట్‌వేర్ పాడైందనుకున్నాను. మా అబ్బాయికి ఫోను చేస్తే వివరించాడు. తెర మీద రంగులు వెలుగుతో తయారవుతాయి, నిండు నీలం అంకెల్లో 0, 0, 255, నిండు పసుపు 255, 255, 0, రెండిటి సగటు మూడూ సమానం, అంటే బూడిద. రోజంతా అంకెలతో పనిచేసే నాకు అది వెంటనే అర్థమైంది. బోర్డు మీద రంగుపొడులు వెలుగుని మింగుతాయి, తెర మీద లెక్క జరుగుతుంది. అందుకని తెర మీద రంగులు కలపడం మానేసి, కావలసిన రంగుని తిన్నగా ఎంచుకోవడం, పొర మీద పొర వేసి మల్టిప్లై మోడ్‌లో పెట్టడం అలవాటు చేసుకున్నాను. మల్టిప్లైలో పై పొర కింది పొరని ముదురు చేస్తుంది, నా ఒండ్రునీళ్ళు పోసినట్టే ఉంటుంది కాస్త.

అయినా ఆరు నెలలు ఒక్కటీ పూర్తికాలేదు. కారణం అన్‌డూ. నచ్చకపోతే వెనక్కి, ఇంకోలా చేసి మళ్ళీ వెనక్కి. వరద 1, వరద 2 అంటూ 40 ఫైళ్ళు పేరుకున్నాయి, అన్నీ సగం సగం. బోర్డు మీద ఒక లాగుడు లాగితే అది అయిపోయింది, దాన్ని పట్టుకునే ముందుకి పోవాలి. తెర మీద ఏదీ జరిగిపోయినట్టు ఉండదు. అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. మూడే లేయర్లు (పొరలు), అన్‌డూ కీ వాడకూడదు, 40 నిమిషాలకి ఫోనులో అలారం మోగగానే ఆపేయాలి. ఆ నియమంతో వేసిన రెండోది నాకు నచ్చింది.

తర్వాత ఇంకో సంగతి కనిపెట్టాను. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే బ్రష్షులు ఎంత బాగున్నా అవి ఇంకొకరి చేతివి. నా బోర్డుల మీద బ్లేడు చిరిగిన అంచుల్ని పొద్దున్న నీడ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫోనుతో ఫొటోలు తీసి, నలుపు తెలుపు చేసి, ముక్క కత్తిరించి, కృతలో బ్రష్ కొసగా పెట్టుకున్నాను. అలా ఏడు బ్రష్షులున్నాయి నా దగ్గర. సుద్ద పేస్టు చిరుగు, తాను చివర గుడ్డ నేత, కిటికీ అట్ట మీద వెలిసిన పసుపు. పెన్ను అదిమితే తెర మీద నా బోర్డు గరుకు వస్తోంది. పాతవన్నీ తీసేసి వీటితోనే వేస్తున్నాను.

ముందు డిజిటల్‌లో వేసి చూసుకుని, తర్వాత అదే బోర్డు మీద వేస్తే సామాను ఆదా కదా అని చాలామంది అడుగుతారు. చేసి చూశాను, మూడు బోర్డులు. మూడూ ప్రాణం లేకుండా వచ్చాయి. తెర మీద ఎక్కడ చిరగాలో నిర్ణయించేశాక, బోర్డు మీద పేస్టుని అక్కడే చిరగమని బలవంతపెడుతున్నాను, అది వినదు. ఇప్పుడు నా వరస తిరగేశాను. బోర్డు ముందు, అది ఆరిపోయాక దాని ఫొటో నుంచి డిజిటల్. ఎదురుగా ఒక వస్తువు ఉంటే తెర మీద చేతికి భయం, బరువు రెండూ ఉంటున్నాయి.

2024 దసరాకి ఒకదాన్ని ప్రింటు తీయించాను. 12 అంగుళాలకి 18 అంగుళాలు. ఫైలు 1200కి 1800 పిక్సెళ్ళు ఉంది, మంచి ప్రింటుకి అంగుళానికి 300 కావాలంటే 3600కి 5400 ఉండాలి, ఆ లెక్క ముందే వేసుకోవాల్సింది. అంచులన్నీ పొగమంచు పట్టినట్టు వచ్చాయి. పెద్ద ఫైలుతో మళ్ళీ మొదలుపెడితే పాత ల్యాప్‌టాప్ 4 జీబీ ర్యామ్‌తో ప్రతి గీతకీ ఆలోచిస్తుంది. మూడు లేయర్ల నియమం అక్కడ కూడా కాపాడింది. రెండో ప్రింటు స్పష్టంగా వచ్చింది కానీ నీలం చచ్చిపోయింది. తెర వెలుగులో కనపడే ఆ నీలం, ప్రింటర్ వాడే నాలుగు సిరాలతో రాదు. ప్రింటుని తెచ్చి నా నీలిమందు బోర్డు పక్కన పెట్టాను. పది రూపాయల ప్యాకెట్టు నీలం ముందు ప్రింటు నీలం వెలవెలబోయింది. ఆ ఊదా గీతల మీద ఇప్పుడు నేనే చేత్తో నీలిమందు రంగు అద్దుతున్నాను, ప్రింటు మీదే, సన్నటి బ్రష్షుతో. కాగితం కొంచెం ముడుచుకుంటోంది, అందుకని బైండర్ చిక్కగా, నీళ్ళు తక్కువగా వాడుతున్నాను.

ప్రతి ఏడూ ఎర్రనీరు వెనక్కి తీశాక ఒక సీసా ఒండ్రు తేర్చి, ఏ సంవత్సరానిదో రాసి పెట్టుకుంటున్నాను. నాలుగు సీసాలయ్యాయి. పక్కపక్కన పెడితే నాలుగూ ఒకే రంగు కాదు, 2022ది మిగతావాటికన్నా స్పష్టంగా ఎరుపు. దాంట్లో ఇంకో రెండు బోర్డులకి సరిపడా పొడి మిగిలింది. ఒక బోర్డుకి నిన్న రాత్రి రెండో కోటు ప్రైమర్ కొట్టాను, ఈ ఆదివారం మధ్యాహ్నం పేస్టు పరుస్తాను.